ఎడమ పక్క నుంచి వచ్చేవి

4, ఆదివారం

అక్క ఇవాళ మొదటి కోడికే దొరికిపోయి చచ్చింది.

రాకాసి బల్లుల సినిమా మీద వచ్చిన ఈ పాత ఆటని మేం సినిమా చూడకముందే ఆడేశాం. సినిమాకి మమ్మల్ని తీసుకెళ్ళే నాథుడు లేడు మరి. వీధి చివర గేముల షాపులో, జిడ్డు పట్టిన కంట్రోలర్ పట్టుకుని అక్క ఆడేది, నేను పక్కన నిలబడి “వస్తున్నాయ్, వస్తున్నాయ్” అని గొంతు చించుకునేదాన్ని. తర్వాతెప్పుడో సినిమా చూస్తే ఇద్దరికీ నచ్చలేదు. అందులో మనుషులు ఊరికే మాట్లాడుకుంటారు. ఆటలో ఆ గొడవ లేదు. కుడివైపుకి పరిగెత్తడం, గుంటలు దూకడం, ఎడమవైపు నుంచి వెంటబడి వచ్చే చిన్న బల్లుల్ని గిరుక్కున తిరిగి కొట్టడం, అంతే. మెడ ఆడిస్తూ పరిగెత్తుతాయని వాటికి కోళ్ళని పేరు పెట్టింది అక్కే. చివర్లో తెర నిండా వచ్చి నిలబడేదాన్ని పెద్దాయన అంటాం. ఒక్క ప్రాణమూ పోగొట్టుకోకుండా పెద్దాయన దాకా వెళ్ళింది ఆ షాపు మొత్తానికి అక్క ఒక్కతే.

నెలాఖరు ఆదివారం పాత ఆటల పోటీ ఉంది. అందుకే ఈ సాధన. ఇవాళ ఎడమ నుంచి వచ్చిన ప్రతి కోడీ దాన్ని కరిచేసింది. కనీసం తిరగనైనా తిరగలేదు. మధ్యలో “ప్రాణాలెన్ని మిగిలాయే బుడ్డీ?” అని అడిగింది.

“పైన ఎడమ మూల ఇంతింత అక్షరాలతో ఉంటే నన్నడుగుతావేం? గుడ్డిదానివా?” అన్నాను.

“నీ కంట్రోలర్ తగలెయ్య! ఎడమ బటన్ పనిచెయ్యట్లేదు.”

ఆడలేక మద్దెల ఓడు అని దెప్పాను. మొహం మాడ్చుకుంది. సరే, రేపు విప్పి చూస్తాను.

5, సోమవారం

పొద్దున్నే వ్యాన్ హారన్. అక్క స్కూలు వ్యాన్ నడపడం మొదలుపెట్టాక మా వీధిలో ఎవరికీ గడియారం అక్కర్లేకుండా పోయింది. నా కూతురు పిచ్చుక పెద్దమ్మ వెనక సీట్లో మహారాణిలా కూర్చుని వెళ్తుంది. దారి పొడుగునా పిల్లలు ఎక్కుతారు. లోపల సంతే. ఆ గోల లేకపోతే అక్కకి తోచదు. “స్టీరింగ్ పట్టుకున్నప్పుడే నేను మనిషిని, మిగతా టైములో మీ ఇద్దరికీ వంటమనిషిని” అంటుంది. వంట చేసేది నేనే అయినా.

వాళ్ళు వెళ్ళాక ముందు గదిలో బెంచీ మీద కంట్రోలర్ విప్పాను. పాత గేమ్ మెషీన్లు, డబ్బా టీవీలు బాగుచేసే పనిలో నాకున్న సూత్రం ఒకటే. ఒక్కటి మార్చి చూడు. తప్పు పోతే తప్పు దానిదే. పోకపోతే ఇంకోటి మార్చు. ఊహలకి పోకు. బటన్ల కింద రబ్బరు కొత్తది వేశాను.

7, బుధవారం

రబ్బరు మార్చినా అంతే. కోళ్ళకి పండగే.

8, గురువారం

కంట్రోలరే మార్చాను. ఆట క్యాసెట్టు మార్చాను. సాయంత్రం ట్రిప్పుకి ముందు అక్క కాసేపు ఆడింది. అదే తీరు. గుంటలన్నీ గాల్లో తేలినట్టు దాటుతుంది. చేతివేళ్ళు అప్పటి వేళ్ళే. ఎడమ నుంచి కోడి రాగానే అది లేనట్టే నిలబడుతుంది.

ఎడమ భుజం మీద అరచెయ్యంత నల్లమచ్చ ఉంది. ఏమిటే అంటే తలుపు తగిలిందట. “మనింటి తలుపులు ఈ మధ్య ఇరుకైపోయాయే, గమనించావా?” అని నవ్వింది. నేనూ నవ్వాను. లావెక్కావు అన్నాను.

వ్యాన్ ఎడమ పక్క అద్దం కూడా పగిలి వేలాడుతోంది. ఎవడో గుద్దేసి పోయాడట. ఈ ఊళ్ళో బండ్లు నడిపే వాళ్ళందరికీ లైసెన్సులు ఎవరిచ్చారో గానీ, వాళ్ళని ముందు జైల్లో పెట్టాలి. అద్దం కొత్తది నేనే బిగించాను. పిల్లలు ఎక్కేదీ దిగేదీ ఆ పక్కే కదా.

10, శనివారం

కొత్త టీవీల్లో బొమ్మ అరక్షణం ఆలస్యంగా వస్తుంది, తప్పు అక్కడుందేమో అనుకున్నాను. షెడ్డులోంచి పాత డబ్బా టీవీ మోసుకొచ్చి పెట్టాను. నడుం పట్టేసింది. అక్క కూర్చునే కుర్చీ చోటు మార్చాను. మెషీన్ మార్చాను.

తేడా ఏమీ లేదు. పోటీ నడిపే మీసాలాయన ఫోన్ చేసి “మీ అక్కగారు ఎలా ఆడుతున్నారండీ, అందరూ ఆవిడ కోసమే ఎదురుచూస్తున్నారు” అన్నాడు. ఇరగదీస్తోంది అన్నాను.

ఇంక మార్చడానికి ఏమీ మిగల్లేదు.

11, ఆదివారం

పొద్దున లేస్తూనే ఒక పిచ్చి ఆలోచన. డబ్బా టీవీ వెనక మూత తీస్తే పిక్చర్ ట్యూబ్ మెడకి ఒక తీగచుట్ట ఉంటుంది. దాని వైర్లు రెండూ అటుదిటు, ఇటుదటు చేస్తే తెర మీద బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అలా చేశాను. అక్క తికమక పడకుండా కంట్రోలర్‌లో కూడా కుడి ఎడమలు మార్చేశాను.

“ఇవాళ అద్దంలో ఆట. ఆడి చూపించు” అన్నాను.

“నీకు పనీపాటా లేదే” అని నవ్వుతూ కూర్చుంది.

ఇప్పుడు పరుగు ఎడమవైపుకి. కోళ్ళు వచ్చేది కుడివైపు నుంచి. మొదటి కోడి తెర మీదికి వచ్చిందో లేదో గిరుక్కున తిరిగి కొట్టింది. రెండోదీ అంతే. గేముల షాపులో అందరూ ఆట ఆపి వెనక మూగే రోజుల నాటి నా అక్క. “పెద్దమ్మ కోళ్ళన్నిటినీ చంపేసింది!” అని పిచ్చుక సోఫా మీద గెంతింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు ఎడమ పక్కనుంచి మొదటి గుంట వచ్చింది. పసిపిల్లలు కూడా పడని గుంట. మామూలు రోడ్డు మీద నడిచినట్టు నడిచి అందులో పడిపోయింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ పడింది.

“ఇక్కడ గుంటెక్కడుందే? ఏదీ, చూపించు.”

తెర మీద వేలు పెట్టి చూపించాను. తల మొత్తం అటు తిప్పి చూసింది. “ఓహో, ఇక్కడ దాచావా” అంది.

తెర తిరిగింది. తప్పు తిరగలేదు. అప్పుడూ ఎడమ పక్కే, ఇప్పుడూ ఎడమ పక్కే. నేను మార్చకుండా మిగిలింది ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కతే.

“కోళ్ళని కొట్టేశాగా, అయితే ఇన్నాళ్ళూ తప్పు నీ కంట్రోలర్‌దేనన్నమాట,” అంది అక్క.

“అవును, కంట్రోలర్‌దే” అన్నాను.

వైర్లు మళ్ళీ మామూలుగా కలిపేశాను. రేపు స్కూలుంది.

12, సోమవారం

వాన. వ్యాన్ టైముకే వచ్చింది, టైముకే వెళ్ళింది. ఏమీ రాయాలని లేదు.

13, మంగళవారం

కళ్ళజోళ్ళ షాపాయన నాకు తెలిసినవాడే, ఆయన డబ్బా టీవీ నేనే బాగుచేశాను. ఊరికే అటు వెళ్ళినట్టు వెళ్ళి, నా కస్టమరొకావిడ ఉందండీ, ఆవిడకి ఇలా ఉందండీ అని చెప్పాను.

ఆయన చేతిలో అద్దం తుడవడం ఆపేశాడు. “ఒక కన్ను మూసినా అంతే, ఇంకో కన్ను మూసినా అంతేనా? ఎప్పుడూ ఎడమ పక్కేనా?”

“అనుకుంటానండీ.”

“అయితే అది కళ్ళది కాదమ్మా. తలలోది. రక్తం గడ్డ కావచ్చు, కణితి కావచ్చు. అలాంటివాళ్ళకి కనపడట్లేదని కూడా తెలీదు, ఆ పక్క అసలు ఉందనే అనిపించదు. కళ్ళజోడు కోసం నా దగ్గరికి పంపకండి. ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమనండి.” తర్వాత అడిగాడు. “ఆవిడ బండీ గట్రా ఏమీ నడపరు కదా?”

“లేదండీ” అన్నాను.

ఎందుకలా అన్నాను? నోరు దానంతటదే అంది.

14, బుధవారం

ఈ సాయంత్రం చెప్పేద్దామనుకున్నాను. టీ పెట్టి మరీ కూర్చోబెట్టాను. అది కప్పు పట్టుకుని, యూకేజీ పిల్లొకడు వ్యాన్‌లో తన ఒళ్ళో కూర్చుని స్టీరింగ్ తిప్పుతానని ఎలా మారాం చేశాడో యాక్టింగ్ చేసి చూపించింది. నవ్వలేక చచ్చాను. ఆ మొహం మీద ఎలా చెప్పను? ఇవాళ చెప్తే రేపు వ్యాన్ ఉండదు, పిల్లలుండరు. ఆ తర్వాత నా అక్క రోజంతా ఈ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. ఆసుపత్రివాళ్ళు తల కోస్తామంటారో ఏమంటారో.

షాపాయన డాక్టరేం కాదు. గోరంతది కొండంత చెయ్యడం అందరికీ సరదా. ఇరవై అయిదున పోటీ. అది అయిపోగానే చెప్తాను. అప్పటిదాకా జాగ్రత్తగా చూసుకుంటే చాలు.

15, గురువారం

పిచ్చుక టీచర్‌ని కలవాలని అబద్ధం చెప్పి వ్యాన్ ఎక్కాను. ముందు, ఎడమ సీట్లో కూర్చున్నాను.

“ఎడమ పక్క సైకిలు... ఎడమ పక్క కుక్క... ఆగవే, ఎవరో ముసలాయన!”

“నువ్వు డ్రైవరువా నేను డ్రైవరునా?” అంది అక్క. “చిన్నప్పుడు గేముల షాపులో అరిచినట్టు ఏమిటా అరుపులు? పిల్లలు నవ్వుతున్నారు చూడు.”

నిజమే, పిల్లలు నవ్వుతున్నారు. నాకు మాత్రం వీపంతా చెమట. అయినా ఏమీ కాలేదు. నేను పక్కనుంటే ఏమీ కాదు. రోజూ వెళ్తే సరి.

16, శుక్రవారం

వెళ్ళలేకపోయాను. మెషీన్ తీసుకెళ్ళడానికి కస్టమరు సరిగ్గా ఆ టైముకే దాపురించాడు.

అక్క తిరిగి వచ్చి వ్యాన్‌లోనే కూర్చుండిపోయింది. ఎంతకీ దిగకపోతే నేనే వెళ్ళాను. పెదాలు తెల్లగా ఉన్నాయి.

“ఆ చివరింటి పిల్ల దిగిందే. దిగి వెళ్ళిపోయిందనే బండి తీశాను. ఆ పక్క చూశాను కూడా. ఎవరూ లేరు. వెనక పిల్లలందరూ ఒక్కసారి కెవ్వుమన్నారు. బ్రేకు మీద లేచి నిలబడ్డాను. దిగి చూస్తే చక్రం ముందు వంగి చెప్పు తొడుక్కుంటోంది. ఆ జడ ఉంది చూడు, చక్రానికి తగులుతోంది. ఎట్నుంచి వచ్చిందే అది? చూశానే నేను.”

“పిల్లలు కదా, చటుక్కున అడ్డం వస్తారు” అన్నాను.

“అంతేనంటావా?”

“అంతే” అన్నాను.

లోపలికి వచ్చి బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఇప్పుడైనా చెప్పాలి. చెప్పాలి. శని, ఆదివారాలు ఎలాగూ వ్యాన్ తియ్యదు కదా. ఆలోచించుకోవడానికి టైముంది.

19, సోమవారం

పిచ్చుకని స్కూటర్ మీద దింపాను. వ్యాన్‌లో దానికి కడుపులో తిప్పుతోందని అక్కతో చెప్పాను. ఈ మధ్య నిజంగానే సరిగ్గా తినడం లేదు. పొద్దుటి గాలి దానికి మంచిది. నాకూ మంచిదే.

20, మంగళవారం

స్కూటర్ మీద వెళ్తూ పిచ్చుక వెనకనుంచి అడిగింది. “నాకు కడుపులో ఎప్పుడు తిప్పింది అమ్మా?”

“మొన్న తిప్పలా?”

“లేదే. పెద్దమ్మ వ్యాన్ మంచిది కాదా? మరి నా పక్క సీటు పిల్ల రోజూ దాన్లోనే వస్తోందిగా, దానికేం కాదా?”

“నోరు మూసుకుని గట్టిగా పట్టుకో” అన్నాను. దిగాక దాని చెయ్యి పట్టుకుని, ఈ మాటలేవీ పెద్దమ్మతో అనకు అని చెప్పాను. బుద్ధిగా తలూపింది.

21, బుధవారం

సిగ్నల్ దగ్గర వ్యాన్ మా పక్కనుంచే వెళ్ళింది. కిటికీల నిండా పిల్లలు. మమ్మల్ని చూసి చేతులూపారు. నేనూ ఊపాను.

22, గురువారం

మధ్యాహ్నం అక్క వచ్చి నా బెంచీ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. నేను టంకం పెడుతున్నాను.

“అది పక్కన పెట్టి ఇటు చూడు. పిచ్చుకకి కడుపులో తిప్పడం లేదు. నిన్న నేనడిగితే, అమ్మ చెప్పొద్దంది అని ఏడ్చేసింది. ఏం చెప్పొద్దన్నావు?”

ఏదో ఒకటి అల్లుదామని చూశాను. అల్లడానికి దారం లేదు. అంతా చెప్పేశాను. తెర తిప్పి చూసిన సంగతి, షాపాయన అన్న మాటలు, అన్నీ. చెప్తున్నంత సేపూ దాని మొహం వంక చూడలేకపోయాను. చివరికి తలెత్తితే అది తన ఎడమ చెయ్యి చాపి, తల కదపకుండా, దాన్ని చూడ్డానికి ప్రయత్నిస్తోంది. చెయ్యి మెల్లగా ముందుకి, ముక్కు ఎదుటికి తెచ్చుకుంది. అక్కడికొచ్చాక ఆగింది.

“ఎప్పట్నుంచి తెలుసే నీకు?”

“పదకొండు. అద్దం ఆట ఆడిన ఆదివారం.”

“చివరింటి పిల్ల ఎప్పుడు దిగింది?”

బెంచీ మీద పడున్న స్క్రూలు ఏరడం మొదలుపెట్టాను.

“శుక్రవారం,” అంది తనే. “నేను ఆ సీట్లో కూర్చుని నిన్నడిగాను. అంతేనంటావా అని అడిగాను. అంతే అన్నావు.”

“పోటీ అయ్యాక చెబ్దామని... నీ వ్యాన్ పోతుందని... నువ్వేమైపోతావోనని అక్కా...”

“నా కోసమా?” గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. “నా మీద అంత ప్రేమున్నదానివి పిచ్చుకని ఎందుకు దింపావు? దాన్ని కూడా నాతోనే పంపాల్సింది. నీ పిల్లని దింపుకుని, ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని ఎక్కించుకుపొమ్మన్నావు. సోమవారం, మంగళవారం, బుధవారం. ఇవాళ పొద్దున కూడా. నాకు కనపడదు సరే. నీకేమొచ్చిందే?”

 

స్కూలుకి అదే ఫోన్ చేసింది. సాయంత్రానికి వేరే డ్రైవర్ని పంపండి, నాకు చూపు సరిగ్గా లేదు, ఇంక నేను రాను అని చెప్పింది. అటువైపు ఏమడిగారో, “లేదండీ, నాకిప్పుడే తెలిసింది” అంది. తర్వాత చివరింటికి నడుచుకుంటూ వెళ్ళింది, గోడకి ఎడమ భుజం ఆనించుకుంటూ. నేను వెనకే వెళ్తే రావొద్దని చెయ్యి ఊపింది. ఆ పిల్ల వాళ్ళమ్మతో గేటు దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడింది. ఆవిడ ముందు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత అక్క భుజం మీద వేసింది.

23, శుక్రవారం

ఆసుపత్రికి చివరింటావిడ తోడు వచ్చింది. అక్కే పిలిచింది. నేను కూడా ఆటో ఎక్కుతుంటే ఆవిడ జరిగి, అక్క కుడి పక్కన చోటిచ్చింది.

“అక్కడ మీరే కూర్చోండి. అది ఎడమ పక్క కూర్చుంటుంది” అంది అక్క. దారంతా ఆవిడతోనే మాట్లాడింది. నేను ఒకసారి దాని చేతి మీద చెయ్యి వేశాను. తీసెయ్యలేదు, పట్టుకోలేదు.

స్కానింగ్ తీశారు. తలలో కుడి పక్కన నీడలా ఏదో ఉందట. ఇవాళే చేర్చుకోవాలన్నారు. కుడి పక్క దెబ్బతింటే ఎడమ పక్క చూపు పోతుందని డాక్టరు తన తల మీద వేలు పెట్టి వివరించాడు. అక్క మంచం మీద పడుకుని పైకప్పు చూస్తోంది. చివరింటావిడ కుడివైపు స్టూలు మీద, నేను ఎడమవైపు నిలబడి.

“తేడా మొదటిసారి ఎప్పుడు గమనించారు? కచ్చితంగా చెప్పండి, దాన్ని బట్టే మందులు,” అన్నాడు డాక్టరు, నన్ను చూసి.

“నిన్ననేనండీ” అన్నాను.

చివరింటావిడ తల దించుకుంది. అక్క నా వైపు తిరగలేదు.

“పదకొండో తేదీ, డాక్టర్ గారూ. ఆదివారం,” అంది పైకప్పు చూస్తూనే. “మా చెల్లెలు ఆ రోజే కనిపెట్టింది.”

డాక్టరు ముందు రాసింది కొట్టేసి మళ్ళీ రాసుకున్నాడు.